పెత్రో దిద్దే ఊరు

జనవరి 10, శుక్రవారం

సెలవు. ఎక్కడికీ పోలేదు. డ్రైవరు సూరిబాబు హవల్లీ రమ్మన్నాడు. అక్కడ ఎవరో కోనసీమ వాళ్ళ గదిలో చేపల పులుసట. రానన్నాను. నలుగురిలో కూర్చుంటే నాకు మాట రాదు, ముద్ద దిగదు.

వెనక పెరట్లో ఖర్జూరం చెట్ల పాదులకు గట్లు వేస్తున్నాను. హన్నా అవ్వ కుర్చీలో కూర్చుని చూస్తోంది. మామాకు తల్లి; ఈ అరబ్బు ఇంటి యజమానురాలిని మేం మామా అనే పిలుస్తాం. ఉక్రెయిన్‌లో యుద్ధం వచ్చాక మామా పోయి తెచ్చుకుంది. వచ్చినప్పటి నుంచి ఆ కుర్చీ, ఆ గోడ. ఎవరితోనూ మాట లేదు.

ఇవాళ లేచి వచ్చి నా తడిమట్టిని చేతికర్రతో పొడిచింది. తల అడ్డంగా ఊపింది. ఎండిన పచ్చిక గుప్పెడు తెచ్చి అందులో వేసింది. చెప్పులు విడిచి తొక్కడం మొదలుపెట్టింది.

మా అమ్మ మిద్దెగోడకు మట్టి ఇట్లాగే తొక్కేది. నేనూ చెప్పులు విడిచాను.

జనవరి 13

అవ్వ అరచేతిలో పట్టేంత ఇల్లు చేసింది. ఖర్జూరపు పీచుతో కప్పు వేసింది. గోడలు చూపించి "అబ్యద్, అబ్యద్" అంటోంది. అరబ్బీలో తెలుపు. ఆమెకు వచ్చిన అరబ్బీ నాకు వచ్చిన దానికంటే తక్కువ. సూరిబాబు ఆకువక్కకు దాచుకున్న సున్నం అడిగాను.

"బాబాయ్, ఈ ఎడారిలో సున్నం బంగారమండి. గోడలకి పూసేత్తారా? ఆయ్!"

ఇచ్చాడు. అవ్వ వేలితో పూసింది. ఇంకా ఏదో కావాలంది. బట్టలు ఉతికే చోటికి నన్ను లాక్కుపోయి నీలిమందు చూపింది. సున్నంలో నీలిమందు చుక్క... వాళ్ళూ కలుపుతారన్నమాట. తర్వాత గోడ అడుగున వేలితో గీత గీసి చూపింది. నాకు అర్థమైంది. ఇటుకముక్క అరగదీసి ఎర్రపట్టీ వేశాను. మేం జాజు పూసినట్టే.

అవ్వ నా ముఖం కేసి చాలాసేపు చూసింది.

జనవరి 18

అల్ రాయ్ నర్సరీ నుంచి బంకమన్ను మూటలు. మామా తెప్పించింది. "మా అమ్మ నవ్వకపోయినా పర్వాలేదు ఓబులేసూ, తింటోంది. అడిగింది ఇవ్వు" అంది.

అవ్వ అడిగింది ఊరు. వాళ్ళ ఊరు. పెరటి మూల అంతా.

జనవరి 20

ముందు ఏరు తవ్వాను. పెద్ద ఏరట, ద్నిప్రో. తూర్పుకు వాలు పెట్టి నీళ్ళు వదిలాను. అవ్వ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ ఇంట్లో ఆమె నవ్వు వినడం ఇదే మొదలు. మామా లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

వాళ్ళ ఏరు దక్షిణానికి పోతుందట.

మా చెయ్యేరు తూర్పుకు పోతుంది. పెన్న తూర్పుకు పోతుంది. ఏరంటే తూర్పుకే అనుకున్నాను. పూడ్చి మళ్ళీ తవ్వాను.

జనవరి 26

ఏటి గట్టు మీద రేవు. బల్లకట్టు. పూర్వం ఎద్దుల బండ్లు దక్షిణాన సముద్రానికి పోయి ఉప్పు తెచ్చేవట. ఇక్కడ బల్లకట్టు కోసం ఆగి, ఎద్దులు విప్పి, వంట చేసుకునేవాళ్ళట. కొందరు ఇక పోలేదు. ఊరు అట్లా పుట్టింది. అవ్వ చెబుతుంటే మామా అరబ్బీలో నాకు చెబుతుంది. సూరిబాబు పక్కన నిలబడి నేను తికమకపడ్డ చోట తెలుగులో చెబుతాడు.

"ఓ సెంటు నాకూ రాయండి బాబాయ్. రేవు పక్కనే. టీ కొట్టెట్టుకుంటాను."

జనవరి 31

మిట్ట మీద రాతి ఆడమనిషి. బొడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంటుందట. ఎవరు చెక్కారో ఎవరికీ తెలియదు. గుర్రాల మీద తిరిగిన వాళ్ళ కాలందట. మా చేని గట్టున వీరగల్లు ఉంది. దాని కథా ఎవరికీ తెలియదు. అలవాటు కొద్దీ మట్టిబొమ్మకు పసుపు పూశాను. తర్వాత భయం వేసింది. అవ్వ చూసింది. సాయంత్రం చూస్తే బొమ్మ ముందు రొట్టెముక్క ఉంది.

ఫిబ్రవరి 4

కొయ్య చర్చి. ఎర్రగడ్డ ఆకారం గోపురం. దాన్ని చెయ్యడం నాకు చేతకాలేదు, అవ్వ చేసింది. సర్కారు ఒకప్పుడు దాన్ని మూసేసి ధాన్యం పోసిందట. గంట దించుకుపోతారని ఊరివాళ్ళే ఏట్లో వేశారట. తర్వాత ఏటికి ఆనకట్ట కట్టారు. నీళ్ళు పైకి వచ్చాయి. చర్చి, రేవు, కింది వీధి మునిగిపోయాయి. అవ్వ అప్పుడు చిన్నపిల్ల. మేక మెడలో తాడు పట్టుకుని పైవీధికి నడిచిందట.

మునగనివి, మునిగినవి రెండూ కట్టమంది.

ఫిబ్రవరి 7

చర్చికీ గాలిమరకూ మధ్య ఒక సందు. ఇళ్ళు పెట్టబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. వద్దంది. మామా కిందికి చూస్తూ చెప్పింది... ఆకలి ఏడాది వచ్చినప్పుడు ఆ సందులో ఎవరూ మిగల్లేదట. అవ్వ పుట్టకముందు మాట. ఆమె తల్లి ఆ దారిన నడిచేది కాదట.

ఖాళీగా వదిలేశాను. మా జేజి గంజి తొట్ల కరువు కాలం చెప్పేది. ఆమె కూడా చెబుతూ చెబుతూ ఆపేసేది.

ఫిబ్రవరి 9

పెత్రో సంగతి ఇవాళ తెలిసింది. అవ్వ తమ్ముడు. పెళ్ళి లేదు. ఆ ఊళ్ళో వాళ్ళ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, ఊరు విడిచి రానన్నాడు. అవతలి గట్టు నుంచి గుండ్లు పడతాయి. జనాన్ని ఎక్కించుకుపోవడానికి వ్యాను వస్తుంది. అతను ఎక్కడు. అక్క వచ్చేసిందని కోపం. ఆమెతో మాట మానేశాడు. మామా ఫోన్ చేస్తే "బతికే ఉన్నా" అని పెట్టేస్తాడట.

అవ్వ తినకపోవడం, ఆ గోడకేసి చూడడం... ఇదన్నమాట.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఊరు అయిపోయింది. ఆఖరున శ్మశానం మిగిలింది. అడగకుండానే పెట్టాను. ఊరికి దూరంగా, దక్షిణాన, ఏటి దిగువన. ఎవరైనా అక్కడే కదా పెడతారు. చిన్న శిలువలు పుల్లలతో. అవ్వ అప్పుడు లోపల నిద్రపోతోంది. మామా ఫోటో తీసి పెత్రోకు పంపింది. జవాబు రాదని తెలుసు, అయినా పంపింది.

ఫిబ్రవరి 15

ఫోన్ వచ్చింది! పెత్రో! మామా స్పీకరు పెట్టింది. మగమనిషి గొంతు, పెరడంతా వినబడేట్టు అరుపు. నాకు ముక్క అర్థం కాలేదు గాని తిట్లని తెలుస్తూనే ఉంది. మామా ఏడుస్తూ నవ్వుతోంది.

"వాళ్ళమ్మ సమాధిని ఊరి బయటికి ఎవరు తోశారని అడుగుతున్నాడు."

నేను శ్మశానం కేసి చూశాను. తల ఎత్తలేకపోయాను.

అవ్వ ఫోన్ లాక్కుంది. ఆమె కూడా అరిచింది. అక్కాతమ్ముళ్ళు చాలాసేపు అరుచుకున్నారు. ఫోన్ పెట్టేశాక అవ్వ గిన్నెడు సూపు తాగింది. ఇంకా కావాలంది.

ఫిబ్రవరి 16

శ్మశానం ఊరి నడుమ మిట్ట మీదికి మార్చాను. గాలి ఆడే చోటు, ఏరు కనబడే చోటు. శిలువలకు నీలిరంగు. సమాధుల పక్కన బల్లలు, కూర్చోడానికి పీటలు. ఈస్టరు పండుగ అయ్యాక వచ్చే ఆదివారం అందరూ అక్కడికి పోయి పెద్దలతో కలిసి అన్నం తింటారట. మేం పెద్దలకు ఇంట్లో పెడతాం. వీళ్ళు వాళ్ళ దగ్గరికే పోతారు.

"తెలీక పెట్టినా తల్లీ, మా పక్క ఇట్లనే" అన్నాను మామాతో, తెలుగులోనే. అరబ్బీ గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 22

పెత్రో రోజూ ఫోన్. ఏతం ఎడమ పక్క అట. కొంగ గూడు బడి మీద కాదు, కరెంటు స్తంభం మీద బండిచక్రం పెట్టి ఉంటుందట, దాని మీద. బడి కిటికీలు ఇంకా పెద్దవట. నేను దిద్దడం, మామా ఫోటో తీయడం. నన్ను "మేస్త్రీ" అంటున్నాడట. "ఆ హిందూ మేస్త్రీకి చెప్పు, కళ్ళు తెరిచి కట్టమని."

సూరిబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కణ్ణుంచి మీకు కాంట్రాక్టరు దొరికాడండి బాబాయ్."

ఫిబ్రవరి 27

దిద్దడం అయిపోయింది. ఫోన్ లేదు. నిన్నా లేదు. అవ్వ సూపు వదిలేసింది.

మార్చి 1

రంజాన్ మొదలు. వంటింట్లో సాయంత్రం దాకా పని. ఎవరూ చూడనప్పుడు పెరట్లోకి పోయి ఏతం పీకి రోడ్డు అవతల నాటాను. "ఫోటో తియ్యండి" అని మామాకు సైగ చేశాను. ఎందుకని ఆమె అడగలేదు.

మార్చి 2

అరుపులు. ఏతం గురించి. అవ్వ మాట్లాడుతూ నా వైపు చూసింది. ఫోన్ అయ్యాక వచ్చి నా చేతిలో ఉడికిన గుడ్డు పెట్టింది. ఉపవాసాల ఇంట్లో పట్టపగలు... దాచుకుని గదిలో తిన్నాను.

మార్చి 9

కొంగను దించాను.

మార్చి 11

చర్చి తలుపు మార్చాను. అవ్వే చెప్పింది ఏది మార్చాలో. కర్రతో చూపి, కళ్ళు మూసుకుంటుంది, తనకేమీ తెలియనట్టు.

మార్చి 15

పెత్రో చాలా చెప్పాడు. ఆనకట్ట పగిలి నీళ్ళు పోయాయట. ఏటి అడుగు బయటపడిందట. అవ్వ పిల్లప్పుడు మునిగిన కింది వీధి పునాదులు కనబడుతున్నాయట. ఆ బురదలో ఇప్పుడు ఏటి ఒడ్డు చెట్లు గుంపులుగా మొలిచాయట. "నీ ఇంటి గడప రాయి చూశాను" అన్నాడట అవ్వతో.

మా ఏటికీ ఆనకట్ట తెగింది. నేను ఇక్కడే ఉన్నాను, ఫోన్‌లో చూశాను. నీళ్ళు వచ్చి పోయాక ఇసుక మిగిలింది. గడపలు మిగల్లేదు.

మార్చి 18

గాలిమరను ఏటికి దగ్గరగా జరిపాను. బాగా కోపం రావాలని.

మార్చి 21, శుక్రవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

పెత్రో ఫోటో పంపాడు. ఎండిన బురద. దాంట్లో తిరగలి రాయి, పెద్దది. పక్కన తన బూటు కాలు. గాలిమర ఇక్కడ ఉండేది, కావాలంటే కొలుచుకో అని రాశాడట.

మామా ఫోటో చూసి తెల్లబోయింది. నా మీద అరిచింది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అరవలేదు.

"ఏటి అడుగుకు దిగాడు ఓబులేసూ! అక్కడ చెట్టు లేదు, గోడ లేదు. పైన యంత్రాలు తిరుగుతాయి, గద్దల్లాగా. మనిషి కనబడితే వదలవు. మీరిద్దరూ ఇక్కడ ఆడుకుంటున్నారు. ఖలాస్. ఇక తప్పులు ఖలాస్."

ఆమెకు తెలుసన్నమాట, మొదటి నుంచి.

అవ్వ కుర్చీలో నుంచి లేవలేదు. నేను అన్నం తినలేదు. నేను గాలిమర జరిపితే ఆ మనిషి దాన్ని చూడడానికి దిగాడు. అంత దూరం నడిచాడు.

మార్చి 22

అంతా సరిచేశాను. గాలిమర తిరగలి రాయి దగ్గర. ఏతం ఎడమ పక్క. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. మామా ఫోటో పంపింది.

మార్చి 23

"ఇప్పుడు బాగుంది. మేస్త్రీకి చెప్పు." పెత్రో అన్నది అంతే.

మార్చి 30

ఈద్. చుట్టాల పిల్లలు ఊరు చూడడానికి ఎగబడ్డారు. ఒకడు కొంగను ఎత్తుకుపోబోయాడు. అవ్వ కర్ర ఎత్తింది. మా యజమాని కఫీల్, మామా భర్త, వచ్చి పిల్లల్ని తోలాడు. తర్వాత ఒక్కడే నిలబడి రేవు కేసి చూశాడు. అక్కడ చదువుకునే రోజుల్లో ఆ ఏరు దాటి పెళ్ళి చూపులకు పోయాడట. "అదే గట్టు" అన్నాడు. నాతో కాదు.

ఏప్రిల్ 6

మామా పెత్రోను బతిమాలింది. వ్యాను ఎక్కమని. ఇంటికి సున్నం వేయాలన్నాడట. పండుగకు సున్నం లేని ఇల్లు వాళ్ళ వంశంలో లేదట. తర్వాత సమాధుల దగ్గర అమ్మానాన్నలకు పెట్టాలి. "అది అయ్యాక చూద్దాం" అన్నాడట. ఎక్కనని మాత్రం అనలేదు.

మామా ఆ మాట పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది.

ఏప్రిల్ 20

వాళ్ళ ఈస్టరు. అవ్వ ఎర్రగుడ్లు వేసింది, ఎర్రగడ్డ పొట్టుతో ఉడికించి. నాకూ సూరిబాబుకూ చెరొకటి. పెత్రో ఇంటి ఫోటో పంపాడు. తెల్లటి గోడ, నీలం తగిలిన తెలుపు. కింద పట్టీ నల్లగా ఉంది, ఎర్రగా కాదు. నేను వేసింది తప్పు. ఆయన దాన్ని ఎప్పుడూ దిద్దలేదు. ఎందుకు దిద్దలేదు?

అవ్వను అడిగాను సైగతో. పట్టీ మీద చెయ్యి పెట్టి, నా గుండె మీద చెయ్యి పెట్టింది. అట్లాగే ఉండనీ అన్నట్టు.

ఏప్రిల్ 27, ఆదివారం

పెద్దలకు పెట్టే రోజు. అవ్వ పెరటి మిట్ట దగ్గర నేల మీదే కూర్చుంది. నీలి శిలువల ముందు రొట్టె, గుడ్డు, తీపి గంజి లాంటిది. నన్నూ కూర్చోమంది. కూర్చున్నాను. నాకు నా వాళ్ళు గుర్తొచ్చారు, ఒక ముద్ద పక్కన పెట్టాను.

పెత్రో ఫోన్ ఎత్తలేదు.

ఏప్రిల్ 28

ఎత్తలేదు.

ఏప్రిల్ 30

మోగుతోంది, ఎత్తడు. వ్యాను వాళ్ళకు ఫోన్ చేస్తే రెండు ఊళ్ళ నుంచి జనాన్ని తెచ్చామన్నారట, పేర్లు ఇంకా రాయలేదన్నారట.

సూరిబాబు గుసగుసగా... "బాబాయ్, ఓ తప్పెట్టండి. చిన్నది. పలుకుతాడండి ఆయన."

"వొద్దురా సూరీ. మల్లా దిగితే?"

"అలా కూకుంటే ఎలాగండీ మరి..."

"నా చేత్తో నేను ఆ మనిషిని మల్లా దించను."

మే 1

అవ్వ పొద్దున్నే పెరట్లో ఉంది. ఇంటి కప్పు ఎత్తి పక్కన పెట్టింది. తమ ఇంటి కప్పు. లోపల ఇంత ఉందని నాకు తెలియదు. ఆమె ఎప్పుడు చేసిందో... మంచం, బల్ల, గోడకు పీట. మూలన పెద్ద పొయ్యి, దాని మీద మనిషి పడుకునేంత అరుగు. చలికాలం పెత్రో ఆ అరుగు మీదే పడుకుంటాడట.

కర్రతో పొయ్యిని చూపింది. ఎదురు మూల చూపింది.

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె మంచం మీద వేలు పెట్టింది. అక్కడి నుంచి కళ్ళు తిప్పి పొయ్యి వైపు చూసి చూపించింది. మళ్ళీ చేసింది. అప్పుడు అర్థమైంది. ఈ తప్పు చూడడానికి ఎక్కడికీ దిగనక్కర్లేదు. గడప దాటనక్కర్లేదు. పడుకున్న చోటి నుంచే తిట్టవచ్చు.

పొయ్యి పెళ్ళగించి ఎదురు మూలన పెట్టాను.

మే 2, శుక్రవారం

మామాకు చూపించాం. భయపడుతూనే. ఆమె చాలాసేపు వంగి చూసింది. తనే మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీసింది.

సెలవైనా పోలేదు. సూరిబాబూ పోలేదు. పెరట్లోనే కూర్చున్నాడు, జోకులు లేవు.

మే 3

ఫోటో అక్కడికి చేరినట్టు ఫోన్‌లో టిక్కు పడలేదు.

మే 4

చేరింది.

మే 5

జవాబు వచ్చింది. ఫోన్ కాదు, రాత. మామా చదివింది.

"అంతా సరిగ్గా ఉంది."

మళ్ళీ చదవమంది అవ్వ. మళ్ళీ చదివింది. అంతా సరిగ్గా ఉంది.

కొంగ ఎక్కడ కూర్చుంటుందో దానికి పోట్లాడిన మనిషి. అమ్మను బయటికి తోశారని పెరడు అదిరేలా అరిచిన మనిషి. పుట్టినప్పటి నుంచి ఆ పొయ్యి పక్కనే పడుకున్నాడు, అది తప్పు మూలన ఉందని చూడలేదా?

మామా అంటుంది — వ్యాను ఎక్కాడు, ఎక్కడో ఊళ్ళో బడిలో మంచం ఇచ్చి ఉంటారు, ఇంటి బొమ్మ చూడలేక చూడకుండానే రాశాడు. అట్లా అనేటప్పుడు అవ్వ కేసి చూడదు.

సూరిబాబు అంటాడు — కళ్ళజోడు పగిలిందేమోనండి.

అవ్వ ఫోన్‌ను చేతిలో తిప్పి తిప్పి చూసింది. ఆ అక్షరాలు వేలితో తడిమింది. "పెత్రో లా" అంది. లా అంటే అరబ్బీలో కాదు. ఇది పెత్రో రాసింది కాదంటుందో, పెత్రో ఇట్లా అనడంటుందో.

నాకు వేరేది తోచింది. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా రాయను.

మే 6

ఫోన్ చేస్తే మోగడం లేదు.

అవ్వ సూపు తాగింది, అడగకుండానే. గిన్నె ఖాళీ చేసి కుర్చీ ఇంటికి దగ్గరగా జరుపుకుంది. కప్పు వేయబోతే వద్దంది. సరిచెయ్యనా అని పొయ్యి చూపించాను. చేతికర్ర నా మణికట్టు మీద పెట్టింది. బరువుగా.

మే 7

ఎండ ముదిరింది. మట్టి పగుళ్ళు తీస్తోంది. పొద్దున గోడలు తడిపాను, పొయ్యి మీద నీళ్ళు పడకుండా.

మామాను అవ్వే పిలిచింది. మళ్ళీ అదే ఫోటో పంపాం. ఈసారి పొయ్యి బాగా కనబడేట్టు, దగ్గర నుంచి.